తీర్పుకీ తాళానికీ మధ్య

మా అపార్ట్‌మెంటు వాళ్ళకి ఈమధ్య నా మీద కోపం వచ్చింది. కొత్త కమిటీ వేస్తూ, ప్రెసిడెంటూ మీరే, నీళ్ళ మోటారు తాళాలూ మీ దగ్గరే, ఫిర్యాదులు వినేదీ మీరే అన్నారు. రిటైరైన టీచరమ్మ, ఖాళీగా ఉంది, పైగా నోరున్న మనిషి, ఇక ఏ గొడవా ఉండదని వాళ్ళ లెక్క. మూడింట్లో ఒకటి చెప్పండి చేస్తాను, మూడూ మాత్రం చెయ్యను అన్నాను. ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. ఈవిడకి టెక్కు ఎక్కువ అనుకుంటూ లిఫ్టు ఎక్కేశారు. టెక్కు ఉన్నమాట నిజమే. కాని దీనికి కారణం అది కాదు. కారణం ఇక్కడికి రెండు కిలోమీటర్లలో, అంకులిలో, మేం ఒకప్పుడున్న వీధిలో ఉంది.

అప్పుడు అంకులి అంటే ఒడిశాలోని మా బరంపురానికి చివర. మా వీధిలో పదకొండు ఇళ్ళు. ఎనిమిది మావి, అంటే సోంపేట, టెక్కలి, పలాస వైపు నుంచి రైల్వేకో మిల్లుకో ఆఫీసుకో వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళవి. మూడు ఒడియా వాళ్ళవి. పండగలు వేరైనా ఎండాకాలం అందరికీ ఒకటే. మున్సిపాలిటీ గొట్టం మా వీధి మొదట్లోనే నీరసపడిపోయేది. అందుకని అందరూ కలిసి బోరు వేయించుకున్నారు. చిన్న షెడ్డు, అందులో మోటారు, పైన ట్యాంకు, గోడకి వరసగా పదకొండు వాల్వులు, ఇంటికొకటి. పొద్దున్న ఒక గంట నీళ్ళు. ఆ గంటలో ఎవరి తొట్టి వాళ్ళు నింపుకోవాలి. ఒక ఇంట్లో వృథాగా పోయాయంటే చివరి మూడిళ్ళకీ ఆ పూట బిందె కూడా నిండదు.

మా నాన్నగారు కోర్టులో పేష్కారు. జడ్జిగారి బల్ల ముందు దిగువన కూర్చుని కేసు కాగితాలు ఒక్కొక్కటీ పైకి అందించే ఉద్యోగం. ఇరవయ్యేళ్ళు అలా అందించీ అందించీ ఆయనకి ఒక సంగతి వంటపట్టింది. పట్టుకునేవాడు వేరు, తీర్పు చెప్పేవాడు వేరు, చట్టం చేసేవాడు ఎక్కడో భువనేశ్వర్‌లో ఢిల్లీలో ఇంకా వేరు. ముగ్గురూ ఒకళ్ళంటే ఒకళ్ళకి పడనట్టే ఉండాలి, అదే మనకి క్షేమం అనేవారు. బోరు పడిన వారమే అందరినీ మా అరుగు మీద కూర్చోబెట్టి ఈ ఏర్పాటు చేశారు. నీళ్ళు మోసేది ఆడవాళ్ళు కనక నీళ్ళకి కట్టుబాట్లు వాళ్ళే చెయ్యాలి. షెడ్డు తాళం గార్డు తాతయ్య దగ్గర ఉండాలి. తగువులొస్తే ఆదివారం పొద్దున్న తను వింటారు. ఎవరూ రెండు పనులు పట్టుకోకూడదు. ఇది ఆయన సొంత ఏర్పాటు, ఆయన సొంత మాట. గుర్తుపెట్టుకోండి.

గార్డు తాతయ్య గూడ్సు బళ్ళకి గార్డుగా చేసి రిటైరయ్యాడు. మా వీధిలో ఆయన గడియారం తప్ప ఇంకే గడియారాన్నీ ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. ఐదున్నరకి షెడ్డు తలుపు తీసి, రైలు కదిలేటప్పుడు ఊదినట్టే ఈల ఊదేవాడు. ఆ ఈలకి పదకొండు ఇళ్ళలో బిందెలు లేచేవి. ఇప్పటికీ ఎక్కడైనా రైలు గార్డు ఈల వినిపిస్తే నా చెయ్యి చీపురు కోసమో బిందె కోసమో వెతుక్కుంటుంది. మా పిల్లలు నవ్వుతారు. నవ్వనీ.

ఎవరైనా నీళ్ళు వృథా చేస్తే ఒక రోజు వాల్వు కట్టెయ్యాలని ఆడవాళ్ళు పెట్టిన కట్టుబాటు. నాన్నగారు తీర్పు చెప్పినా తాతయ్య వెంటనే కట్టేవాడు కాదు. రేపు పొద్దున్న సూద్దాం బాబూ అనేవాడు. ఆ పొద్దున్న చేతికర్ర పట్టుకుని ఆ ఇంటికెళ్ళి, కాలవ చూసి, కుళాయి తిప్పి చూసి, అవసరమైతే ఆ ఇల్లాలు ఇచ్చిన టీ కూడా తాగి, అప్పుడు వచ్చి కట్టేవాడు. రెండు మూడుసార్లు కట్టలేదు కూడా. వాషరు పోయింది బాబూ, మనిషి తప్పు కాదు అని చెప్పేసేవాడు. నాన్నగారు గుర్రుగా చూసేవారు గాని మాట్లాడేవారు కాదు. తీర్పుకీ తాళానికీ మధ్య అలా ఒక రాత్రి అడ్డం ఉండేది. ఆ రాత్రి ఎంత విలువైందో మాకప్పుడు తెలీదు.

నాకప్పుడు పన్నెండేళ్ళు. మా తెలుగు బడిలో పౌరశాస్త్రం మాస్టారు శాసనశాఖ, కార్యనిర్వాహకశాఖ, న్యాయశాఖ అని బట్టీ వేయించేవారు. నోరు తిరక్క ఏడుస్తుంటే నాన్నగారు పుస్తకం మూసి, ఎందుకే ఆ యాతన, వెళ్ళి మన షెడ్డు చూసి రా అన్నారు. పరీక్షలో అమ్మా, తాతయ్యా, నాన్నగారూ అని మనసులో అనుకుంటూ రాశాను. మంచి మార్కులే వచ్చాయి.

ఆ మరుసటి ఎండాకాలం తాతయ్యకి కంట్లో శుక్లం ముదిరింది. ఆపరేషనుకని పలాసలో కూతురి దగ్గరికి వెళ్ళాడు. నెల పైనే పడుతుందన్నారు. వెళ్ళేముందు తాళంచెవి తెచ్చి ఎవరికివ్వాలని అడిగితే, నెలేగా, నేనే చూస్తానని నాన్నగారు అందుకున్నారు. అమ్మ గుమ్మంలోంచే, ఇదేటండీ, ఒకలికి రెండు పనులు కూడదని మీరే కదా సెప్పినారు అంది. ఆయనకి చురుక్కుమంది. నామీద నమ్మకం లేదా అన్నారు. అందరూ చూస్తుండగా మొగుణ్ణి పట్టుకుని లేదని ఎవరంటారు? మిగతావాళ్ళకీ ఇష్టం లేదు, కాని పిల్లి మెడలో గంట కట్టేదెవరు? కోర్టు మనిషి, పైగా ఒక్క పైసా తినని మనిషి. తాళంచెవి ఆయన లుంగీ మొలలోకి చేరింది.

తరవాత వరసగా పెళ్ళిళ్ళు. ఆడవాళ్ళు ఊళ్ళకి వెళ్ళారు, ఉన్నవాళ్ళకి ఎండ దెబ్బకి అరుగు మీద కూర్చునే ఓపిక లేదు. కట్టుబాట్లు మాట్లాడుకోవడానికి నెలకోసారి వాళ్ళు కూర్చునే కూడిక ఆగిపోయింది. బోరులో నీళ్ళు తగ్గాయి. నాన్నగారు ఒక పొద్దున్న షెడ్డు తలుపు మీద సుద్దముక్కతో, వృథా చేసినవారికి ఇకమీదట మూడు రోజులు అని రాసేశారు. అలా కట్టుబాటు కూడా ఆయనదే అయింది. ఎవరూ కాదనలేదు. మా నాన్నగారు చెడ్డవారని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆయన మంచితనమే మా కొంప ముంచింది. చెడ్డవాడైతే మేం తాళం ఇచ్చేవాళ్ళమే కాదు.

మా పక్కిల్లు ఇడ్లీల పెద్దమ్మది. భర్త మిల్లులో పనిచేస్తూ పోయాడు. పెద్దమ్మ రోజూ ఇడ్లీలు వేసి బస్టాండు దగ్గరి హోటలుకి రెండు పెద్ద డబ్బాలు పంపేది. ఆ రెండు డబ్బాలే ఆవిడ బతుకు. పప్పు కడగాలి, బియ్యం కడగాలి, రుబ్బాలి, గుడ్డలు ఉతకాలి. ఆవిడకి నీళ్ళంటే మాకులాగా స్నానం కాదు, అన్నం. మా పెరటి గోడే ఆవిడ పెరటి గోడ. మా తొట్టి నిండి పొర్లితే ఆ నీళ్ళు గోడ కింది తూములోంచి ఆవిడ పెరట్లోకి వెళ్ళి, ఆవిడ గుమ్మం పక్కనుంచి వీధి కాలవలోకి పోతాయి.

ఆ ఏడు ఠాకురాణి అమ్మవారి జాతర. బరంపురంలో జాతరంటే పులివేషాలు. ఒంటినిండా పసుపు రంగు, నల్ల చారలు, ముందు డప్పులు. ఆ గురువారం పొద్దున్న అమ్మ నన్ను పెరట్లో తొట్టి దగ్గర నిలబెట్టి, నిండగానే కట్టెయ్యమని చెప్పి లోపలికి వెళ్ళింది. తొట్టి సగం నిండేసరికి మెయిన్ రోడ్డు మీద డప్పు వినిపించింది. పులి అటు వెళ్ళిపోతుందేమోనన్న భయంలో గొట్టం తొట్టిలో ఒదిలేసి పరిగెత్తాను. పులి చాలాసేపు ఆడింది. నాకు ఎదురుగా వచ్చి గోళ్ళు చూపించింది కూడా. ఆ ఆనందంలో తిరిగొచ్చేసరికి గంట అయిపోయింది, కుళాయి దానంతటదే ఆగిపోయింది. తొట్టి చుట్టూ, గోడ వెంటా తడి. ఎండకి ఆరిపోతుందిలే అనుకుని గొట్టం చుట్టేశాను.

వీధి చివరింటి వాళ్ళకి ఆ పూట చుక్క రాలేదు. సాయంత్రం వచ్చి మొర పెట్టుకున్నారు. పద్ధతి ప్రకారం ఆదివారం దాకా ఆగాలి. నాన్నగారు ఆగలేదు. పొద్దున్న పెద్దమ్మ గుమ్మం పక్కనుంచి తెల్లటి నీళ్ళు ధారగా పోవడం ఆయన కళ్ళారా చూశారట. తెల్లటి నీళ్ళంటే బియ్యం కడుగు. వీధిలో అంత బియ్యం కడిగేది ఎవరు? ఫిర్యాదు వచ్చింది, సాక్షి తనే, తీర్పూ తనదే. పెద్దమ్మని పిలిపించారు. ఆవిడ చెంగు భుజం మీదికి లాక్కుని, బియ్యం కడిగిన మాట నిజమేనంది, కుళాయి మాత్రం కట్టే ఉందంది. నా కాలవ ఓపాలి వచ్చి సూడు బాబూ అని ఒకటికి రెండుసార్లు అడిగింది. నేను చూశానమ్మా, నా కళ్ళు అబద్ధం చెప్తాయా అన్నారు నాన్నగారు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. చెప్పడం, లేవడం, మొలలోంచి తాళంచెవి తియ్యడం, షెడ్డులోకెళ్ళి వాల్వు బిగించడం, అంతా ఒక్క ఊపులో అయిపోయింది. మధ్యలో రాత్రి లేదు.

నేను కిటికీ ఊచలు పట్టుకుని అదంతా చూశాను. అరవాలనిపించింది. అరవలేదు. ఏ ఇంట్లోనైనా పిల్ల తప్పు చేస్తే నాన్నకి భయపడి అమ్మకి చెప్తుంది. వీధిలో తప్పయితే తాతయ్యకి చెప్పుకోవచ్చు. కాని ఆ రోజు కట్టుబాటు పెట్టినవారు, తీర్పు చెప్పినవారు, వాల్వు కట్టినవారు, నా వీపు మీద దెబ్బ వెయ్యగలవారు అందరూ ఒక్కరే. అమ్మకి చెప్తే అమ్మ ఆయనకే చెప్పాలి. ఎటు తిరిగినా ఆ గుమ్మమే.

శుక్రవారం పెద్దమ్మ రెండు బిందెలతో మిల్లు వైపు చేతిపంపు దాకా నాలుగుసార్లు తిరిగింది. ఒక్క డబ్బా ఇడ్లీలే అయ్యాయి. శనివారం మోకాళ్ళు పట్టేసి అవీ కాలేదు. ఆ సాయంత్రం హోటలువాడు ఖాళీ డబ్బాలు తిప్పి పంపి, ఇంకొకరిని చూసుకున్నామని కబురు చేశాడు. డబ్బాలు ఆవిడ గుమ్మంలో బోర్లించి ఉండడం నేను మా అరుగు మీంచి చూశాను.

చీకటి పడకముందే పెద్దమ్మ మా ఇంటికొచ్చింది. దెబ్బలాటకి కాదు. పోయిన వారం అమ్మ ఇచ్చిన గిన్నె తిరిగి ఇవ్వడానికి. మాలో గిన్నె ఖాళీగా తిప్పి ఇవ్వకూడదు. ఎప్పుడూ అందులో రెండు వేడి ఇడ్లీలు పెట్టి తెచ్చేది, ఒకటి నాకని ప్రత్యేకంగా చెప్పి మరీ ఇచ్చేది. ఆ రోజు గిన్నెలో చిన్న బెల్లం ముక్క ఉంది. ఇడ్లీల్లేవే తల్లీ, ఏటనుకోకు అని నా తల నిమిరింది. ఆ బెల్లం ముక్క నేను తినలేదు. జన్మలో అంత సిగ్గు నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

ఆ మధ్యాహ్నమే గార్డు తాతయ్య పలాస నుంచి వచ్చాడు, కంటికి ఆకుపచ్చ కళ్ళద్దాలతో. వీధిలో ఏ అధికారమూ లేని పెద్దమనిషి ఆయనొక్కడే మిగిలాడు. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తి మొత్తం చెప్పేశాను, పులితో సహా. తాతయ్య అంతా విన్నాడు. తరవాత అడిగాడు.

"మీ నాన్నకి సెప్పినావేటే?"

"లేదు."

"ఏం?"

"తాళం కూడా నాన్నగారి దగ్గరే ఉంది తాతయ్యా."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆపరేషనైన కన్ను తుడవకూడదన్న సంగతి మర్చిపోయాడు. రేపు ఆదివారం, సెప్పాల్సింది నువ్వే, నాను నీ పక్కన నిలబడతాను, అంతవరకే నా పని అన్నాడు.

ఆదివారం పొద్దున్న నెల రోజుల తరవాత మొదటిసారి ఈల మోగింది. అందరూ షెడ్డు దగ్గరికి వచ్చారు. నాన్నగారు స్టూలు మీద కూర్చుని ఉన్నారు. నేను నేల చూస్తూ చెప్పాను. గొట్టం, డప్పు, తొట్టి, తడి గోడ. చెప్పడం అయిపోయాక కూడా తల ఎత్తలేదు. నాన్నగారు లేచిన చప్పుడు వినిపించింది. దెబ్బ పడుతుందని భుజాలు ముడుచుకున్నాను. ఆయన నన్ను దాటి వెళ్ళి తాళంచెవి తాతయ్య చేతిలో పెట్టారు. తిరిగొచ్చి స్టూలు మీద కాక నేల మీద కూర్చున్నారు. ఇది మా ఇంటి తగువు, నేను వినకూడదు, మీరే చెప్పండి అన్నారు.

ఎవరో పోనీ బాబూ, సిన్నపిల్ల అన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. షెడ్డు తలుపు మీది సుద్ద రాతని కొంగుతో తుడిచేసింది. మేం పెట్టింది ఒక్క రోజే, మూడ్రోజులని రాసింది మేం కాదు, మా ఇంటికి ఒక్క రోజు కట్టీ మావా అని తాతయ్యకి చెప్పింది. నాన్నగారు పెద్దమ్మ వైపు తిరిగి చేతులు జోడించారు. హోటలుకి వెళ్ళి నేనే మాట్లాడతానన్నారు. పెద్దమ్మ ఆ మాట పట్టించుకోలేదు.

"నానడిగింది ఒక్కటే బాబూ. నా కాలవ ఓపాలి సూడమన్నాను. నువ్వు సూణ్ణేదు."

అంతకంటే ఏదైనా అని ఉంటే నాన్నగారికి తేలిగ్గా ఉండేదేమో.

నాన్నగారు వెళ్ళి అడిగినా హోటలు మళ్ళీ రాలేదు. పెద్దమ్మ ఇంటి ముందే పొయ్యి పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. మునుపటంత సాగలేదు, కాని సాగింది. ఆడవాళ్ళు కొత్తగా ఒక కట్టుబాటు పెట్టారు: తీర్పయ్యాక ఒక రాత్రి గడవాలి, తాళం ఉన్న మనిషి ఆ ఇంటికెళ్ళి చూడాలి, అప్పుడే వాల్వు ముట్టుకోవాలి. తాతయ్య చేసేదే అది. చేస్తున్నంతకాలం ఎవరూ రాసుకోలేదు. తగువులు వినడానికి పెద్దమ్మని పెట్టారు. ఆవిడ చదువుకోలేదు గాని, ఏ తగువొచ్చినా ముందు లేచి కాలవ చూసి వచ్చేది. నాన్నగారు ఇంక ఆ స్టూలు మీద కూర్చోలేదు. కోర్టులో మాత్రం రిటైరయ్యేదాకా కాగితాలు అందిస్తూనే ఉన్నారు.

ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కాని ఆ రోజు నుంచి ఒక అలవాటు చేసుకున్నారు. నేనేదైనా చెప్పబోతే చేతిలో పేపరు పక్కన పెట్టి, ఇది నాన్నకి చెప్తున్నావా, పేష్కారుకి చెప్తున్నావా అని అడిగేవారు. నాన్నకి అంటే చివరిదాకా వినేవారు, ఆ పూట ఏమీ అనేవారు కాదు. ఏమైనా అనాలనుకుంటే మర్నాడు అనేవారు. నేను మార్కులు తగ్గిన సంగతి చెప్పినా, పెళ్ళి విషయం చెప్పినా, ఆ ప్రశ్న తప్పేది కాదు. మా ఇంట్లోకి కూడా ఆ ఒక్క రాత్రి వచ్చి చేరింది.

ఆయన పోయేముందు ఏడాది, ఒక సాయంత్రం ఇద్దరం బస్సెక్కి గోపాల్‌పూర్ వెళ్ళాం. పడవలు ఒడ్డుకి లాక్కుంటున్న వాళ్ళని చూస్తూ కూర్చున్నాం. పెద్దమ్మా, గార్డు తాతయ్యా అప్పటికి లేరు. వీధిలో బోరు ఎండిపోయి, ఇంటింటికీ మున్సిపాలిటీ నీళ్ళు వచ్చేశాయి. నాన్నగారు ఉన్నట్టుండి, ఇది కూతురికి చెప్తున్నాను, టీచరమ్మకి కాదు అన్నారు. నేను నవ్వి, చెప్పండి అన్నాను.

ఆ గురువారం సాయంత్రం వాల్వు బిగించి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కోవడానికి ఆయన పెరట్లోకి వెళ్ళారట. తొట్టి నుంచి తూము దాకా నీళ్ళు పారిన చార ఉంది, మా గొట్టం చుట్టలో ఇంకా నీళ్ళున్నాయి. మొత్తం అర్థమైపోయిందట. అయినా మూడు రోజులు నోరు విప్పలేకపోయారు.

"ఎవరికి చెప్పుకోనే? చెప్పుకోవలసినవాణ్ణి నేనే అయిపోయాను."

నాకు ఒళ్ళు మండింది. కోపంతోనే అడిగాను, మరి పెద్దమ్మకైనా చెప్పారా అని. ఆ నెలలోనే వెళ్ళి చెప్పారట. ఆవిడ పొయ్యిలో మంట ఎగదోస్తూ, నాకు తెల్సు బాబూ, నీళ్ళు మీ తూములోంచి వస్తున్నప్పుడే సూసినాను అందట. తెలిసీ ఆ రోజు ఎందుకు చెప్పలేదమ్మా అని నాన్నగారు అడిగారట.

"మీ ఇంటి తప్పు నీ ముందరే నీకెలాగ సెప్తాను బాబూ? అందుకే గదా, వచ్చి సూడమన్నాను."